తండ్రి లేని బిడ్డ కోసం వెలసిన బడి

అమెరికాలో ఉన్న మా మనుమడు ఆదివారాలు తెలుగు తరగతికి పోతున్నాడు. క్రిందటి సంక్రాంతినాడు తెరమీద కనబడి కగుణింతం తప్పులేకుండా అప్పజెప్పాడు. నేను మెచ్చుకున్నాను. వెంటనే వాడు, "తాతయ్యా, నాన్నకు థకూ ధకూ తేడా తెలియడం లేదు. నువ్వు తెలుగు మాస్టారువి కదా, నాన్నకెందుకు నేర్పలేదు?" అని అడిగాడు. ప్రక్కనే ఉన్న మా అబ్బాయి నవ్వి మాట మార్చాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్ఫై మూడు సంవత్సరాలు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. ఊరివారి పిల్లలకు ఛందస్సు చెప్పిన ఈ నోటికి కన్నకొడుకు దగ్గర తీరిక దొరకలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటున్న రోజులలోనే యూదుల విద్యాచరిత్ర చదవడం తటస్థించింది. పిల్లవాని ప్రశ్నతో పండుగ మొదలుపెట్టుకునే జాతి అది. బడికీ ఇంటికీ నడుమ రెండువేల ఏండ్లుగా వారు పడుతూ వచ్చిన పెనుగులాట చదివినకొద్దీ అందులో నా ముఖమే నాకు కనబడింది. అందువల్ల ఈ టపా. కొంచెం దీర్ఘమైనది, మిత్రులు ఓపికతో చదవగోరుతాను.

ధర్మాన్ని బిడ్డలకు బోధించే బాధ్యతను ద్వితీయోపదేశకాండము తండ్రిమీదనే పెట్టింది. ఇంట్లో కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటిని గూర్చి మాట్లాడుతూ ఉండాలని దాని ఆదేశం. బడి ప్రసక్తి అక్కడ లేదు. మరి బడి ఎలా వచ్చింది? తాల్ముదులోని బాబా బత్రా అనే భాగం ఆ కథ చెబుతుంది. మొదట తండ్రి ఉన్న పిల్లవానికి తండ్రే చెప్పేవాడట. తండ్రి లేనివానికి చదువే లేదు. అది చూచి యెరూషలేములో గురువులను నియమించారు. అప్పుడూ తండ్రి ఉన్నవాడే పిల్లవాణ్ణి అంతదూరం తీసుకుపోగలిగాడు. లేనివాడు లేనట్టే మిగిలాడు. తరువాత ప్రతి మండలంలోనూ గురువులను పెట్టి, పదహారు, పదిహేడేండ్ల వయస్సులో చేర్చుకున్నారు. ఆ వయస్సు కుర్రవాళ్ళు గురువు కోపగిస్తే ఎదురుతిరిగి లేచిపోయారు! చివరకు యెహోషువ బెన్ గమ్లా అనే ప్రధాన యాజకుడు ప్రతి మండలంలోనూ, ప్రతి పట్టణంలోనూ ఉపాధ్యాయులను ఏర్పరచి, ఆరేడేండ్లకే పిల్లలను చేర్చుకోవాలని కట్టడి చేశాడు. ఇతడు క్రీ.శ. 64 ప్రాంతంలో ఆ పదవిలో ఉన్నవాడు. మరి ఆరేండ్లకు, క్రీ.శ. 70లో, రోమనులు యెరూషలేము దేవాలయాన్ని ధ్వంసం చేశారు. ఇతడే లేకపోతే ఇశ్రాయేలీయులు ధర్మాన్ని మరచిపోయి ఉండేవారని తాల్ముదు ఇతణ్ణి తలచుకుంటుంది.

ఈ కథలో నన్ను ఆపినది ఒక్క విషయం. బడి తండ్రికి బదులుగా పుట్టలేదు. తండ్రి లేని బిడ్డ కోసం పుట్టింది. తండ్రి ఉన్న ఇంటికి అది తోడు మాత్రమే. ఈ తారతమ్యం ఉపాధ్యాయుడినైన నాకే ఎన్నడూ తోచలేదు.

అదే భాగంలో ఉపాధ్యాయ వృత్తిని గూర్చిన సూక్ష్మాలు కొన్ని ఉన్నవి. నాలుగవ శతాబ్దికి చెందిన రవా అనే పండితుడు ఒక గురువుకు 25 మంది పిల్లలన్నాడు. నలభై అయితే ఒక సహాయకుణ్ణి ఇవ్వాలి. యాభై అయితే ఇద్దరు గురువులు కావాలి. సహాయకుని ఖర్చు ఊరిది. నేను డెబ్బై ఇద్దరున్న తరగతికి హాజరు పిలిచేసరికే పావుగంట గడిచిన రోజులు జ్ఞాపకం వచ్చి నిట్టూర్చాను. రవ్ అనే మరొక పెద్ద, శిక్షించవలసివస్తే చెప్పుల తాడు కంటె గట్టిదానితో కొట్టవద్దనీ, చదువు ఎక్కనివాణ్ణి వెళ్ళగొట్టక తోటివారి నడుమ కూర్చుండనివ్వమనీ చెప్పాడట. ఈయనకు తెలిసిన పంతులు ఒకాయన ఒకనాడు తన తోటలో నిలబడి ఉన్నాడు. బాధ్యత విడిచిపెట్టావా అని రవ్ అడిగాడు. పదమూడేండ్లకు ఈనాడు నా తోట చూచుకుంటున్నాను, ఇప్పుడూ నా మనస్సు పిల్లల దగ్గరనే ఉన్నదని ఆ పంతులు సమాధానం. వృత్తిలో ఉన్నవారికి ఈ మాట బోధపడుతుంది.

ఇంటివైపు కథ చూద్దాము. పస్కా పండుగ ఐగుప్తు దాస్యం నుండి విడుదల పొందిన జ్ఞాపకం. ఆ రాత్రి కర్మకాండ దేవాలయంలో కాక భోజనపు బల్లవద్దనే జరుగుతుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా ఆ రాత్రి విధిని వర్ణిస్తూ, రెండవ పాత్ర ద్రాక్షారసం కలిపినప్పుడు కొడుకు తండ్రిని ప్రశ్నించాలంటుంది. ఈ రాత్రికీ మిగిలిన రాత్రులకూ భేదమేమని ఆ ప్రశ్న. అడిగే తెలివి వానికింకా లేకపోతే తండ్రే అడగడం నేర్పాలి. ఆపైన బిడ్డ తెలివికి తగినట్లు కథ చెప్పాలి. వివేకి, దుష్టుడు, అమాయకుడు, అడగడమే తెలియనివాడు అని నలుగురు కొడుకుల ప్రస్తావన కూడా ఆ రాత్రి చదివే హగ్గదా అనే గ్రంథంలో వస్తుంది. నలుగురికీ నాలుగు విధాల జవాబులు. పాఠ్యప్రణాళిక, బోధనాపద్ధతి అని మేము శిక్షణ కళాశాలలో కంఠస్థం చేసినదంతా ఆ బల్లమీద ఉన్నది.

ఇంతకూ పిల్లలు నిద్రపోతే? దానికీ ఉపాయముంది. రబ్బీ అకీవా పండుగనాటి సాయంత్రం పిల్లలకు వేపిన గింజలు, కాయలు పంచేవాడట, నిద్రపోక ప్రశ్నలడుగుతారని. నేటికీ పొంగని రొట్టె ముక్క ఒకటి దాచిపెట్టి, పిల్లలు వెదికి తెస్తే బహుమతి ఇస్తారు. పూరీము పండుగనాడు ఎస్తేరు గ్రంథం చదువుతుంటే దుర్మార్గుడైన హామాను పేరు వచ్చినప్పుడల్లా పిల్లలు గిలకలు త్రిప్పి, కాళ్ళు నేలకు కొట్టి గోల చేస్తారు. పర్ణశాలల పండుగకు కుటుంబమంతా కలిసి పెరటిలో పందిరి వేసి పండ్లు కట్టి అలంకరిస్తారు. తోరా పఠనం ముగిసే ఉత్సవంనాడు పిల్లలందరినీ ఒక పెద్ద ప్రార్థనా వస్త్రం క్రింద చేర్చి పఠనవేదిక వద్దకు పిలుస్తారు. పెద్దల పూజలో పిల్లలు అడ్డు కాదు. వారు లేకపోతే ఆ క్రియ పూర్తి కాదు.

మధ్యయుగపు జర్మనీ, ఫ్రాన్సు దేశాల యూదులు అక్షరాభ్యాసం చేయించిన తీరు చదువుతుంటే మనవారి పళ్ళెంలో బియ్యమే కనుల ముందు నిలిచింది. 12, 13 శతాబ్దుల గ్రంథాలు దీనిని వర్ణించినవి. వారాల పండుగనాడు బాలుణ్ణి ప్రార్థనా వస్త్రంలో చుట్టి ఎత్తుకొని గురువు వద్దకు తీసుకుపోతారు. గురువు ఒడిలో కూర్చుండబెట్టుకొని అక్షరాల పలకమీద తేనె పూసి నాకిస్తాడు. గ్రంథవాక్యాలు వ్రాసిన తీపి రొట్టెలు, ఉడికించిన గ్రుడ్లు తినిపిస్తాడు. చదువు తీపి అని నాలుకకు తెలియాలన్నమాట. మన బియ్యంలో వ్రేలు పెట్టించే చేయి తండ్రిదో తాతదో పురోహితునిదో అవుతుంది. రెండు ఆచారాలలోనూ మొదటి అక్షరానికి ఒక ఒడి అవసరమయింది.

ఇక్కడ ఒక లోపం కూడా చెప్పుకోవాలి. ఈ తేనె, ఈ ఒడి, ఈ పలక అన్నీ మగపిల్లవానికే. మన గురుకులాలకూ ఈ విషయంలో గర్వించేందుకు ఏమీ లేదు. ఆడపిల్ల ఇంట్లో తల్లిని చూచి దీపం వెలిగించడం, వంటనియమాలు నేర్చుకునేది. ఇల్లు గట్టిగా ఉన్నంతకాలం అది చాలిందనుకున్నారు. ఇల్లు సడలిన కాలంలో ఆ లోపం బయటపడింది. దానిని సరిదిద్దినవారు ఇద్దరు స్త్రీలు.

మొదటి ఆమె ఫిలడెల్ఫియా నగరపు రెబెకా గ్రాట్జ్ (1781-1869). అవివాహిత. చనిపోయిన చెల్లెలి పిల్లలను పెంచినది. అమెరికాలో స్థిరపడిన యూదుల పిల్లలు తమ ధర్మం తెలియకుండా పెరగడం చూచి, 1838 మార్చి 4న హీబ్రూ ఆదివారపు పాఠశాల తెరిచింది. రుసుము లేదు. బాలురు, బాలికలు కలిసే చదివారు. బోధించినవారు స్త్రీలు. ఆదివారపు బడి అనే పద్ధతి ప్రొటెస్టెంటు క్రైస్తవులది. దానిని నిస్సంకోచంగా తీసుకున్నది. మొదట్లో తమకు పుస్తకాలు లేక క్రైస్తవుల పాఠపుస్తకమే వాడి, తమకు సరిపడని జవాబులమీద కాగితపు ముక్కలు అంటించారట. ఆ కాగితాల వెనుక ఏముందో చూడాలని పిల్లలు ఎంత తహతహలాడి ఉంటారో ఏ ఉపాధ్యాయునికైనా తెలుసు! పాతికేండ్లకు పైగా ఆమె ఆ బడిని నడిపింది. ఆమె నమూనా ఇతర నగరాలకూ ప్రాకింది.

రెండవ ఆమె పోలెండు దేశపు క్రాకో నగరంలోని సారా షెనిరెర్. కుట్టుపని చేసుకొని బ్రతికేది. పండుగ వచ్చిందంటే తండ్రులు, కొడుకులు రైలెక్కి తమ గురువుల సన్నిధికి పోయేవారు. తల్లీ కూతుళ్ళు ఇంటివద్ద మిగిలేవారు. ఆ కూతుళ్ళు పోలిష్ బడులలో చదివి, తమ తండ్రుల ధర్మం అర్థంకాక దానికి దూరమవుతున్నారు. ఎదిగిన యువతులను కూడగట్టాలని ఆమె చేసిన మొదటి యత్నం ఫలించలేదు. 1917లో పాతికమంది చిన్నపిల్లలతో తన కుట్టుగదిలో బడి మొదలుపెట్టింది. దాని పేరు బేత్ యాకోబ్, అనగా యాకోబు ఇల్లు. బడికి ఇల్లు అని పేరు పెట్టడం గమనించండి. ఆమె 1935లో మరణించేనాటికి తూర్పు ఐరోపాలో అటువంటి బడులు వందలసంఖ్యలో ఉన్నవి. ఆ బడులనూ, ఆ బాలికలలో ఎందరినో తరువాతి పదేండ్లలో నాజీలు నాశనం చేశారు. బ్రతికి బయటపడిన శిష్యురాండ్రు అమెరికాలోనూ, ఇశ్రాయేలులోనూ మళ్ళీ ఆ పేరుతోనే బడులు పెట్టారు.

అమెరికా కథ వేరు దారి పట్టింది. అక్కడ పగలు ప్రభుత్వపు బడి, సాయంత్రమో ఆదివారమో మతపు బడి. సఫెద్‌లో పుట్టి, వైద్యం చదివి, వైద్యవృత్తి మాని ఉపాధ్యాయుడైన సామ్సన్ బెండర్లీ 1910లో న్యూయార్కులో యూదు విద్యాసంస్థకు అధిపతియై ఈ సాయంత్రపు బడులకు ఒక రూపు తెచ్చాడు. శిక్షణ పొందిన గురువులు, హీబ్రూను హీబ్రూలోనే చెప్పడం, పాట, ఆట, బొమ్మలు అన్నీ వచ్చినవి. 1922 మార్చి 18న, మొర్దెకై కప్లాన్ అనే గురువు తన పెద్దకుమార్తె జూడిత్‌ను సభ ముందు నిలబెట్టి తోరా చదివించాడు. పదమూడేండ్ల బాలునికి చేసే బార్ మిట్జ్వా వంటి సంస్కారం అమెరికాలో ఒక బాలికకు జరగడం అక్కడినుండి ప్రసిద్ధి కెక్కింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత కుటుంబాలు నగరం విడిచి శివారులకు చేరినవి. పెద్ద భవనాలతో బడులు లేచినవి. బార్ మిట్జ్వా కావాలంటే ఇన్నేండ్లు బడికి రావాలని సమాజమందిరాలు నియమం పెట్టినవి. పిల్లలు వచ్చారు. పదమూడు నిండి ఉత్సవం కాగానే ఎందరో మానివేశారు. తల్లిదండ్రులు పిల్లలను కారులో దింపి, గంట కొట్టేవేళకు వచ్చి ఎక్కించుకొని పోయేవారు. బడిలో విశ్రాంతి దినాన్ని గూర్చి పాఠం. ఇంట్లో ఆ దినమే లేదు. బడిలో దీపం వెలిగించే మంత్రం. ఇంట్లో దీపపు సెమ్మే లేదు. తాను నేర్చినది తన పెద్దలకే అక్కరలేనిదని పిల్లవాడు తేలికగానే గ్రహించాడు. ఏ పాఠమూ చెప్పని ఈ పాఠం వానికి బాగా వంటబట్టింది.

అప్పుడు తప్పు ఎక్కడున్నదో వెదికారు. పిల్లలనూ పెద్దలనూ కలిపి రోజుల తరబడి ఆ జీవితంలోనే ఉంచాలని కొందరు వేసవి శిబిరాలవైపు చూచారు. రామా శిబిరాలలో మొదటిది 1947లో విస్కాన్సిన్‌లో తెరిచారు. 1973లో యువకులు కొందరు, ఇంట్లో ఎవరికి వారు రొట్టె అల్లుకోవడం, క్రొవ్వొత్తి చేసుకోవడం మొదలుకొని అన్నిటినీ నేర్పే యూదు గృహవిధుల సంపుటి ప్రచురించారు. 1980లనాటికి కుటుంబవిద్య అనే మాట వాడుకలోకి వచ్చింది. దాని సూత్రం చిన్నది: పిల్లవాణ్ణి ఒంటరిగా చేర్చుకోవద్దు, ఇంటిని చేర్చుకో. ఆదివారంనాడు తల్లిదండ్రులు కూడా వచ్చి పిల్లల ప్రక్కన కూర్చుంటారు. కలిసి రొట్టె అల్లుతారు, సుగంధద్రవ్యాల పెట్టె చేస్తారు, తాతముత్తాతల వలసకథ వంశవృక్షంగా గీస్తారు. చేసిన వస్తువు ఇంటికి పోతుంది. వారాంతంలో అది ఉపయోగానికి రావాలి. తమకు తెలియదని సిగ్గుపడే తల్లిదండ్రులకు ప్రక్కగదిలో వేరుగా తరగతి నడుపుతారు. 2005లో మసాచుసెట్స్‌లో హెరాల్డ్ గ్రిన్‌స్పూన్ ఫౌండేషన్ ప్రారంభించిన పీజే లైబ్రరీ మరొక అడుగు వేసింది. నెలకొక కథల పుస్తకం ఉచితంగా ఇంటికే పంపుతుంది. పేరులోని పీజే అంటే పైజమా. పిల్లవాడు రాత్రి దుస్తులు వేసుకొని పడుకోబోయే వేళ పెద్దలు చదివి వినిపించాలని ఉద్దేశం. ద్వితీయోపదేశకాండము చెప్పిన, పడుకునేటప్పుడు అన్న మాట తిరిగి తిరిగి మంచం దగ్గరకే వచ్చి చేరింది.

మన దేశంలోనూ ఈ కథ ఉన్నది. కొంకణ తీరాన నూనెగానుగలు ఆడించుకొని బ్రతికిన బెనె ఇశ్రాయేలీయులను ఇరుగుపొరుగువారు శనివారపు తెలికలవారని పిలిచేవారు. శనివారం గానుగ ఆపేవారు కనుక. హీబ్రూ గ్రంథాలు చేతిలో లేకపోయినా ఆ ఒక్క ఆచారాన్ని ఇల్లే కాపాడింది. 1875లో హయీమ్ సామ్యూల్ కెహీమ్‌కర్ బొంబాయిలో వారి పిల్లలకు ఇశ్రాయేలీయ పాఠశాల స్థాపించాడు. అంతకు ముందటేడు, 1874లో, పూనాలో మరాఠీ అనువాదంతో అచ్చయిన హగ్గదాలో పొంగని రొట్టె చేసే స్త్రీలు మరాఠీ కట్టు చీరలలోనే కనబడతారు. తమ తల్లిని పోలిన బొమ్మ పవిత్రగ్రంథంలో చూచిన పిల్లకు వేరే వ్యాఖ్యానం ఎందుకు? 1880 ప్రాంతం నుండి వారు మరాఠీ కీర్తన పద్ధతిలో, మన హరికథవలెనే పాటా మాటా కలిపి, అబ్రాహాము, యోసేపుల కథలు కుటుంబాలకు వినిపించారు. ఏలీయా ప్రవక్త పేర అటుకులు, కొబ్బరి, బెల్లం కలిపి మలీదా పంచుతారు. కొచ్చిన్‌లో యూదు స్త్రీలు మలయాళంలో తమ ధర్మకథలు పాటలుగా పాడుకొని, చేతివ్రాత పుస్తకాలలో తరతరాలకు అందించారు. 1948 తరువాత ఈ రెండు సమాజాలలోనూ అధికభాగం ఇశ్రాయేలుకు తరలిపోయినది. పాటలు వెంట వెళ్ళినవి.

మా గుంటూరు జిల్లాలో చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో, తమను ఎఫ్రాయిము గోత్రీకులుగా చెప్పుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నవి. మాదిగ క్రైస్తవ నేపథ్యం నుండి వచ్చి, గత శతాబ్ది చివరి దశాబ్దాల నుండి యూదాచారాలు పాటిస్తున్నారు. వారి వంశమూలాన్ని గూర్చిన చర్చ పండితులది. నేను గమనించినది వేరు. అక్కడ పెద్దలకూ పిల్లలకూ హీబ్రూ ఒకే కాలంలో క్రొత్త. తండ్రీ బిడ్డా ఒకే వాచకం ముందు కూర్చోవలసినవారే. అది చిన్నతనమని అనుకునేవాణ్ణి. ఇప్పుడు అదృష్టమేమో అనిపిస్తున్నది.

మళ్ళీ మనుమని ప్రశ్న దగ్గరకు వస్తాను. మా అబ్బాయిని ఆంగ్లమాధ్యమంలో చేర్చినది నేనే. ఇంటర్మీడియెట్‌లో మార్కులు ఎక్కువ వస్తాయని ద్వితీయభాషగా సంస్కృతం పెట్టించి, దరఖాస్తుమీద సంతకం చేసినదీ నేనే. ఆ రోజు మధ్యాహ్నమే మా బడిలో మాతృభాషా మాధుర్యాన్ని గూర్చి ఉపన్యసించాను. మా వాడు ఆ ఉపన్యాసం వినలేదు. సంతకం మాత్రం చూచాడు. యెహోషువ బెన్ గమ్లా తండ్రి లేని బిడ్డల కోసం బడి పెట్టాడు. పంతులైన తండ్రి ఉండి కూడా నా బిడ్డ ఆ వరుసలోనే నిలబడ్డాడు.

పోయిన నెలలో మనుమనికి ఫోను చేసి నిజం చెప్పాను. "నాదే పొరపాటు నాన్నా. నేర్పవలసింది, నేర్పలేదు" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "ఇప్పుడు నేర్పు" అన్నాడు. అప్పటినుండి శనివారాలు మాకు ఉదయం, వారికి శుక్రవారం రాత్రి, అరగంటసేపు ముగ్గురం కూర్చుంటున్నాము. మనుమడు చదువుతాడు, మా అబ్బాయి తరువాతి వాక్యం చదువుతాడు, నేను వింటాను. తండ్రి తప్పు చదివితే దిద్దే అధికారం కొడుకుది. మొన్న మా అబ్బాయి థను ధగా చదివి, వాడు దిద్దకముందే తనంతట తానే ఆగి సరిచేసుకున్నాడు. మనుమడు చప్పట్లు కొట్టాడు.

దేశాంతరాలలో పిల్లలను తెలుగు తరగతులకు పంపుతున్న మిత్రులు మీలో ఎందరో ఉన్నారు. గంటసేపు కారులో కూర్చుని ఎదురుచూస్తున్నారా, లోపలికి వెళ్ళి ప్రక్కన కూర్చుంటున్నారా? మీ అనుభవం వ్రాస్తే ఈ ముసలి పంతులు నేర్చుకుంటాడు.

సెలవు.